పెద్ద టైర్లు ఒరుసుకుంటున్నాయి: బండిని ఇంకా లేపించాలా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నాలుగేళ్ల కిందట కొన్న మహీంద్రా థార్ డీజిల్ బండి ఉంది. కంపెనీ నుంచి 255/65 ఆర్18 టైర్లతో వచ్చింది. ఈ మధ్య విజయవాడ ఆటోనగర్‌లో పొడుగు స్ప్రింగులు వేయించి రెండంగుళాలు లేపించాను. వాటితో పాటు 17 అంగుళాల కొత్త అల్లాయ్ చక్రాలు, 285/70 ఆర్17 టైర్లు వేయించాను. చూడడానికి బాగుంది. కానీ మా వీధి మూలలో స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు టైరు సర్రుమని ఒరుసుకుంటోంది. మొన్న ఇంటిల్లిపాదీ కోటప్పకొండ వెళ్ళినప్పుడు ఘాట్ మలుపుల్లో దబ్బుమని తగిలింది కూడా. మరో రెండంగుళాలు లేపితే ఈ బాధ పోతుందని షాపతను అంటున్నాడు. మా నాన్నగారు ఇప్పటికే బండి ఎక్కలేకపోతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: లేపించకండి. మీ నాన్నగారి మోకాళ్ళు ఒక కారణం. దానికంటే ముందు చెప్పవలసిన కారణం మరొకటి ఉంది. ఆ రెండంగుళాలకు డబ్బు కట్టాక కూడా మీ టైరు ఒరుసుకుంటూనే ఉంటుంది.

లిఫ్టు వేస్తే, అంటే బండిని ఇలా లేపిస్తే, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య చోటు పెరుగుతుందన్నది చాలామంది నమ్మకం. బండి ఇంటి ముందు నిలబడి ఉన్నంతసేపు అది నిజమే. టేపు పెట్టి కొలిచి చూపిస్తారు కూడా. అయితే నిలబడి ఉన్న బండి టైరు దేనికీ తగలదు. తగిలేది చక్రం గుంతలో పడి పైకి లేచినప్పుడు, లేదా స్టీరింగు చివరిదాకా తిరిగినప్పుడు. ఈ రెండు సందర్భాల్లోనూ లిఫ్టు చేసే సాయం చాలా తక్కువ.

ఎందుకో చూడండి. మన ఇళ్ళలో పాత నవ్వారు మంచం ఉండేది. దాని కింద ట్రంకు పెట్టె తోసి ఉంచేవాళ్ళు. నవ్వారు వదులైందని బిగించి అల్లితే ఖాళీ మంచం ఎత్తుగా, బిగువుగా కనిపిస్తుంది. పెళ్ళికొచ్చిన చుట్టాలు నలుగురు దాని మీద ఒక్కసారిగా కూర్చుంటే మాత్రం నవ్వారు దిగి దిగి ట్రంకు పెట్టె మీద ఆగుతుంది. కొత్తగా అల్లినా, పాతదైనా ఆగేది ఆ పెట్టె మీదే. మీ బండిలో స్ప్రింగు నవ్వారు అయితే, బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ ట్రంకు పెట్టె. చక్రం పైకి ఎంతవరకు వెళ్ళాలో తేల్చేది ఆ రబ్బరే. దాన్ని ముట్టుకోకుండా స్ప్రింగు ఒక్కటే మార్చారు కాబట్టి చక్రం వెళ్ళే ఆఖరి హద్దు కంపెనీ పెట్టిన చోటే ఉంది. ఆ హద్దును 789 మిల్లీమీటర్ల టైరు కోసం పెట్టారు. మీరు అక్కడ 831 మిల్లీమీటర్ల టైరు పెట్టారు.

ఇక స్టీరింగు తిప్పినప్పటి సంగతి. టైరు తిరిగినప్పుడు దాని ముందు అంచు బంపరు మూల వైపు, వెనక అంచు తలుపు ముందుండే బాడీ అతుకు వైపు వెళ్తాయి. అంటే అడ్డంకులు ముందూ వెనకా ఉన్నాయి, నెత్తి మీద లేవు. గది ఇరుకుగా ఉందని పైకప్పు ఎత్తు పెంచితే గోడలు దూరం జరగవు కదా. పైగా బండి లేచినప్పుడు బంపరు కింది మూల కూడా పైకి వస్తుంది. టైరు బాగా ఉబ్బి ఉండే భాగం, అంటే ఇరుసు ఎత్తున ఉండే భాగం, ఆ మూలకు మరింత సూటిగా ఎదురు కావచ్చు. లేపాక రాపిడి ఎక్కువైందని వాపోయినవాళ్ళను నేను చూశాను.

ఈ పాఠం నేను నేర్చుకున్నది ఉచితంగా కాదు. నా దగ్గర కమాను పట్టీల పాత జీపు ఒకటి ఉండేది. పెద్ద టైర్లు వేస్తే, పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి గోడ కమాను పట్టీకి ఒరుసుకునేది. నాకూ అప్పట్లో లేపమనే సలహా ఇచ్చారు. కమాను పట్టీ కొసను బండి చట్రానికి తగిలించే షాకిళ్లు మార్చి లేపారు. బండి లేచింది. కమాను పట్టీ మాత్రం ఇరుసుకే బిగిసి ఉంది కనుక టైరు పక్క నుంచి ఎక్కడికీ పోలేదు. టైరు పాత చోటనే, పాత పద్ధతిలోనే ఒరుసుకుంది. చివరికి వ్యవహారం తేల్చింది స్టీరింగు తిరుగుడును ఆపే ఒక బోల్టు. రెండు మరలు బయటికి తిప్పాం, అంతే. ఆ బోల్టు సంగతి మొదట ఎవరూ చెప్పలేదని కాదు, నేనే అడగలేదు.

ఇప్పుడు మీ అంకెలు చూద్దాం. టైరు మీద 255/65 ఆర్18 అని ఉంటే 255 అన్నది మిల్లీమీటర్లలో వెడల్పు. 65 అన్నది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. 18 అన్నది చక్రం వ్యాసం, అంగుళాల్లో. లెక్క వేస్తే పాత టైరు వ్యాసం 789 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. మీ 285/70 ఆర్17 టైరుది 831. తేడా 42 మిల్లీమీటర్లు. ఇందులో సగం, అంటే 21 మిల్లీమీటర్లు, బండిని నేల నుంచి లేపడానికి పనికొచ్చింది. అదే 21 మిల్లీమీటర్లు ముందుకీ, వెనక్కీ, పైకీ కూడా పెరిగింది. వెడల్పు 30 పెరిగింది కాబట్టి ఒక్కో పక్కకు 15 మిల్లీమీటర్లు.

ఇవి కాగితం మీది అంకెలు. టైరు అసలు వెడల్పు అది ఎక్కిన చక్రం వెడల్పును బట్టి మారుతుంది. చక్రం అర అంగుళం వెడల్పయితే టైరు ఇంచుమించు 5 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది. ఒకే సైజు అచ్చు ఉన్న రెండు కంపెనీల టైర్లు పక్కపక్కన నిలబెట్టి కొలిస్తే ఒకే కొలత రావు. బురద టైర్లకైతే భుజాల మీద కూడా దిమ్మలు ఉంటాయి. మొదట తగిలేవి అవే. అందుకే 'ఫలానా వాళ్ళ బండికి ఇదే సైజు వేస్తే ఒరుసుకోలేదు' అన్న మాటకు నేను పెద్దగా విలువ ఇవ్వను. వాళ్ళ చక్రం వేరు, వాళ్ళ టైరు వేరు, వాళ్ళు ఘాట్ రోడ్డు ఎక్కారో లేదో కూడా మనకు తెలియదు.

మీరు ఉత్తరంలో రాయని అంకె ఒకటుంది. నాకు అన్నిటికంటే ఎక్కువ కావలసినది అదే. కొత్త చక్రాల ఆఫ్‌సెట్ ఎంత? చక్రం వెడల్పుకు సరిగ్గా నడిమి గీత గీసి, ఇరుసు చివర ఉండే హబ్బుకు బిగిసే ముఖం ఆ గీతకు ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత అది. చక్రం లోపలి వైపు ఈటీ అన్న అక్షరాల పక్కన అచ్చు వేసి ఉంటుంది. ఆ అంకె తగ్గితే చక్రం బయటికి వస్తుంది, పెరిగితే లోపలికి పోతుంది. అల్లాయ్ చక్రాలు అమ్మేవాళ్ళకు తక్కువ ఆఫ్‌సెట్ అంటే ప్రీతి. టైర్లు మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకొచ్చి బండి వెడల్పుగా, భుజాలు విరుచుకున్నట్టు కనిపిస్తుంది. కొనేవాళ్ళకూ అదే ఇష్టం, కాదనను.

ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను. పాత చక్రం ఆఫ్‌సెట్ 20, కొత్తది సున్నా అనుకోండి. టైరు నడిమి గీత 20 మిల్లీమీటర్లు బయటికి జరిగింది. వెడల్పు పెరగడం వల్ల మరో 15. మొత్తం టైరు బయటి గోడ 35 మిల్లీమీటర్లు బయటికి వచ్చింది. లోపలి గోడ మాత్రం 20లోంచి 15 పోగా 5 మిల్లీమీటర్లు ఆర్ములకు, అంటే చక్రాన్ని బండి చట్రానికి కలిపే చేతులకు, దూరమైంది. కాబట్టి లోపల హాయి, బయట ఇబ్బంది. తలుపు రెక్క ఎంత వెడల్పయితే తెరిచినప్పుడు నేల మీద అంత పెద్ద అర్ధచంద్రం గీస్తుంది కదా, టైరు కూడా అంతే. స్టీరింగు తిరిగే కీలు చక్రానికి లోపలి వైపున ఉంటుంది. టైరు ఆ కీలుకు ఎంత దూరం జరిగితే తిరిగేటప్పుడు అంత పెద్ద చంద్రవంక గీస్తూ బంపరు మూలనూ బాడీ అతుకునూ అందుకుంటుంది. ఆఫ్‌సెట్ మార్చకుండా పాతదే ఉంచి ఉంటే లోపలా బయటా చెరో 15 మిల్లీమీటర్లతో సరిపోయేది. మీ సర్రుమనే చప్పుడుకు కారణం ఇక్కడే ఉందని నా అనుమానం. చక్రానికీ హబ్బుకీ మధ్య స్పేసర్లు ఏమైనా పెట్టారేమో కూడా చూడండి. పెట్టి ఉంటే మొదట వాటిని తీయించండి. చక్రాన్ని అవి కూడా బయటికే నెడతాయి, బేరింగుల మీద బరువు పెంచుతాయి.

మీరు రెండు చప్పుళ్ళ గురించి రాశారు. అవి రెండు వేరు వేరు జబ్బులు. వీధి మూలలో మెల్లగా తిరిగేటప్పుడు వచ్చే సర్రు టైరు చంద్రవంక పెద్దదవడం వల్ల. కోటప్పకొండ మలుపులో వచ్చిన దబ్బు బండి నిండా మనుషులుండి, మలుపులో బయటి చక్రం అణిగి, అదే సమయంలో స్టీరింగు కూడా తిరిగి ఉండడం వల్ల. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. షాపతను రెండిటికీ ఒకే మాత్ర రాసిచ్చాడు.

మందు వేసే ముందు ఎక్కడ తగులుతోందో తెలియాలి. ఒక ఆదివారం ఉదయం బండి కడిగి ఆరనివ్వండి. ముందు మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ లైనరుకు, బంపరు వెనక మూలకు, బాడీ అతుకుకు, లోపల బండి ఊగకుండా పట్టి ఉంచే స్టెబిలైజర్ రాడ్డుకు, ఆర్ములకు, చాసీ (బండి కింది చట్రం) పక్కకు తడి సున్నం పలచగా పూయండి. ఆరాక బండి వెనక్కీ ముందుకీ నడుపుతూ రెండు వైపులా చివరిదాకా తిప్పండి. వెనక్కి నడపడం మరిచిపోవద్దు, ముందుకు పోయేటప్పుడు తగలనిది రివర్సులో తగులుతుంది. సున్నం ఎక్కడ చెరిగిందో ఫోనుతో ఫొటోలు తీసుకోండి. తరవాత వెనక సీటులో మనుషులనో, రెండు మూడు బియ్యం బస్తాలనో వేసుకుని ముందు కుడి చక్రం, వెనక ఎడమ చక్రం ఒకేసారి ఎత్తు మీదికి ఎక్కేలా ఏదైనా గట్టు ఎక్కించి అక్కడ కూడా తిప్పి చూడండి. తరవాత రెండో మూల జత. గుంటూరు వాళ్ళు కదా అని బియ్యం బదులు మిర్చి టిక్కీలు వేసుకోకండి. ఏసీ పెట్టాక పరీక్ష సంగతి పక్కన పెట్టి మీరు తుమ్ముతూ కూర్చోవాలి.

ప్లాస్టిక్ లైనరు మీద చెరిగితే కంగారు లేదు. బాడీ రేకు అతుకు మీద చెరిగితే టైరు కోసుకుపోతుంది, ఆ పని వాయిదా వేయవద్దు. లోపలి వైపు బ్రేకు హోసు దగ్గరో, చక్రం వేగాన్ని చెప్పే ఏబీఎస్ తీగ దగ్గరో చెరిగిందా, ఆ రోజు నుంచి బండి తీయకండి. టైరు లోపలి గోడ మీద నున్నగా మెరిసే పట్టీ కనిపించినా అదే మాట. బ్రేకు హోసు తెగాక చేసేదేమీ ఉండదు. ఇంత పెద్ద ఉత్తరంలో నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్క విషయం మీదే.

మెకానిక్ దగ్గరికి వెళ్తే ఇంకో పరీక్ష చేయించండి. చాలామంది చేయరు, శ్రమ అని. స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే ముందు స్ట్రట్టులోంచి కాయిల్ స్ప్రింగు తీసేసి, షాక్ అబ్జార్బరు ఒక్కటే బిగించి, స్టెబిలైజర్ లింకు విప్పి, చక్రం ఎక్కించి, కింద జాకీ పెట్టి బంప్ స్టాప్ తగిలేదాకా చక్రాన్ని పైకి లేపాలి. స్ప్రింగు లేదు కాబట్టి తేలిగ్గా లేస్తుంది. ఆ స్థితిలో స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పాలి. రోడ్డు మీద ఎప్పుడో ఒకసారి వచ్చే అతి చెడ్డ పరిస్థితిని షెడ్డులోనే కళ్ళారా చూడవచ్చు. అరపూట పని. ఈ పరీక్షలో తగలని టైరు రోడ్డు మీద తగలడం అరుదు. దీన్ని చేయకుండా 'సరిపోతుంది లెండి' అనేవాళ్ళ మాట నమ్మి నేను రెండుసార్లు డబ్బు పోగొట్టుకున్నాను.

ఇక చికిత్స. ప్లాస్టిక్ లైనరు తగులుతుంటే వేడి గాలి గన్నుతో మెత్తబరిచి వెనక్కి నొక్కి, చల్లారేదాకా పట్టుకుంటే ఆ ఆకారంలోనే ఉండిపోతుంది. కొందరు కోసి పారేస్తారు. కోస్తే టైరు చిమ్మే బురద, రాళ్ళు నేరుగా వైర్ల మీదికీ రేకు మీదికీ పోతాయి, కనుక కోయడం ఆఖరి మాట. బంపరు మూల కోయవలసి వస్తే ఒకేసారి కోయకుండా ఐదేసి మిల్లీమీటర్లు కోస్తూ తిప్పి చూస్తూ పోవాలి. కోసినదాన్ని మళ్ళీ అతికించలేరు. వెనక బాడీ అతుకును మాత్రం కోయనివ్వకండి. రెండు రేకులు కలిపి వెల్డింగు చేసిన చోటు అది, బాడీ బలం దాని మీద ఉంది. సుత్తితో వెనక్కి మడిచి చదును చేయించి, ప్రైమరు, తుప్పు పట్టని పూత వేయించాలి. నెలకోసారి సూర్యలంక తీరానికి వెళ్ళే అలవాటుంటే ఈ పూతలో లోభం వద్దు. ఉప్పుగాలి చిన్న గీత దొరికినా చాలు, పని మొదలుపెడుతుంది.

తిప్పినప్పుడు లోపల ఆర్ములకో రాడ్డుకో తగులుతుంటే స్టీరింగు తిరుగుడు హద్దును కాస్త ముందుకు తేవాలి. మన పాత జీపులకు బోల్టు ఉంటుంది. మీ బండిలో స్టీరింగు ర్యాక్ పద్ధతిది, అంటే పళ్ళున్న కడ్డీ అటూ ఇటూ జరిగి చక్రాలను తిప్పుతుంది, కనుక ర్యాకు చివర హద్దు ముక్కలు వేసే పని తెలిసినవాడి చేత చేయించాలి. దీనికి మూల్యం ఉంది. బండి తిరిగే వృత్తం పెద్దదవుతుంది. బ్రాడీపేట లైన్లూ అడ్డరోడ్లూ మీకు నేను చెప్పాలా? ఒక్క మలుపులో తిరిగిన చోట రెండుసార్లు వెనక్కీ ముందుకీ ఆడించాలి, వెనక ఆటో హారన్ మోగిస్తూ ఉంటుంది. అందుకే దీన్ని నేను చివర్లో పెట్టుకుంటాను.

దబ్బుమనే చప్పుడుకు బంప్ స్టాప్ పొడిగించడమే సరైన పని. పొడుగు రబ్బరో, పాత రబ్బరు కింద స్పేసరో వేస్తే చక్రం తగిలే చోటికి రాకముందే ఆగిపోతుంది. స్ప్రింగు పరీక్షలో టైరు మడ్‌గార్డుకు తాకే చోటికి ఒక అంగుళం ముందుగా ఆగేలా కొలిచి వేయించండి. ఆ అంగుళం ఎందుకంటే మన నల్లరేగడి కోసం. తుళ్ళూరు వైపు వాన పడ్డ మర్నాడు పొలం దారిలో దిగి చూడండి. ఇసుకలా రాలిపోయే మట్టి కాదది. టైరుకు పట్టి, దాని మీద మరో పొర పట్టి, మడ్‌గార్డు లోపల మెత్తి, కాసేపటికి చక్రం తిరగడమే కష్టమయ్యేలా నిండిపోతుంది. బురద లేనప్పుడు వేలు దూరేంత చోటు ఉంటే చాలనుకున్నవాళ్ళు రేగడిలో అరకిలోమీటరు పోలేరు. ఎర్రమట్టి ప్రాంతాలవాళ్ళు చెప్పే కొలతలు మనకు పనికిరాకపోవడానికి ఇదొక కారణం.

చక్రం పైకి లేచే దూరం తగ్గితే గుంతల్లో బండి కాస్త ముందుగా గట్టిపడుతుంది. ఒప్పుకోవలసిన నష్టమే. టైరు కోసుకోవడం కంటే మేలు.

బాడీ లిఫ్టు అని ఇంకొకటి ఉంది. చాసీకీ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టి బాడీ ఒక్కదాన్నే లేపడం. మడ్‌గార్డులు నిజంగా టైరుకు దూరం జరిగేది ఇందులోనే, ఎందుకంటే బంప్ స్టాప్ చాసీతో ఉండిపోతుంది, మడ్‌గార్డు బాడీతో పైకి పోతుంది. మీ బండికి చాసీ విడిగా ఉంది కాబట్టి చేయవచ్చు. కానీ స్టీరింగు షాఫ్టు, గేరు లివర్లు, గొట్టాలు, తీగలు, బంపర్లు అన్నీ సర్దాలి. రోజూ ఇంటిల్లిపాదీ తిరిగే బండికి నేను సిఫారసు చేయను. షాపతను చెప్పిన మరో రెండంగుళాల స్ప్రింగు లిఫ్టయితే అసలే వద్దు. మీ బండి ముందు చక్రాలు విడివిడిగా ఆడే డబుల్ విష్‌బోన్ పద్ధతిలో, అంటే పైనొకటీ కిందొకటీ ఆర్ములతో, ఉన్నాయి. ఎత్తు పెరిగే కొద్దీ ఇరుసు కీళ్ళు, బాల్ జాయింట్లు వాలు ఎక్కువై అరిగిపోతాయి, బ్రేకు హోసులు లాగినట్టవుతాయి, బండి బరువు కేంద్రం పైకి పోయి మలుపుల్లో ఊగుతుంది. మొదటి రెండంగుళాల తరవాత వీల్ అలైన్‌మెంట్ చేయించారా? మీరు రాయలేదు. చేయించకపోతే రేపే చేయించండి. ముందు చక్రం కాస్త వెనక్కి జరిగి ఉంటే అలైన్‌మెంట్‌లో ముందుకు తెచ్చుకోవచ్చు. ఆ కాసింత జరుగుడుతోనే వెనక అతుకు దగ్గర రాపిడి పోయిన బండ్లు ఉన్నాయి.

ఇంత చెప్పాక నా సొంత అభిప్రాయం. మీ స్థానంలో నేనుంటే ఇవేవీ చేయను. అదే చక్రాల మీద 265/70 ఆర్17 టైర్లు వేస్తాను. ఏడు నుంచి తొమ్మిది అంగుళాల వెడల్పు చక్రాలకు ఆ సైజు సరిపోతుంది, కనుక మీ కొత్త చక్రాలు వృథా కావు. వాటి వ్యాసం 803 మిల్లీమీటర్లు. పాతదాని కంటే 14 ఎక్కువ, మీ ఇప్పటి టైరు కంటే 28 తక్కువ. వెడల్పులో ఒక్కో పక్క 10 మిల్లీమీటర్లు తగ్గుతుంది. గుంటూరు-విజయవాడ రోడ్డు, అప్పుడప్పుడు సూర్యలంక ఇసుక, ఏడాదికి రెండుసార్లు కొండ దారులు, మీ వాడకం ఇదే అయితే 285 టైరు మీకు ఇచ్చేది నేల నుంచి మరో 14 మిల్లీమీటర్ల ఎత్తు. బొటనవేలు వెడల్పు కూడా లేదు. ఇసుకలో బండిని కదిలించేది ఎత్తు కాదు, గాలి. తీరానికి వెళ్ళినప్పుడు పదహారు పద్దెనిమిది పీఎస్ఐకి గాలి తగ్గించి నడపండి, తారు రోడ్డు ఎక్కే ముందు తిరిగి నింపుకోండి. ఆ ఒక్క అలవాటు మీ డబ్బంతా మిగులుస్తుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన తరవాత లిఫ్టుల కోసం అడిగేవాళ్ళు ఎక్కువయ్యారని ఆటోనగర్‌లో అందరూ చెబుతారు. భయం అర్థమవుతుంది. అయితే మీ బండి కంపెనీ లెక్క ప్రకారమే 650 మిల్లీమీటర్ల నీళ్ళలో నడవగలదు. ఇంజను గాలి పీల్చే గొట్టం బండిలో ఉన్న చోటు మార్చకుండా టైరు ఒక్కటే మారిస్తే ఆ అంకెకు కలిసొచ్చేది టైరు వ్యాసంలో పెరిగిన తేడాలో సగం మాత్రమే. వరద నీటికి ప్రవాహం ఉంటుంది, కింద తెరిచిన మ్యాన్‌హోల్ ఉంటుంది. అవి టైరు సైజు చూడవు.

టైర్లు మార్చినా ఉంచుకున్నా స్టెప్నీని మరిచిపోకండి. నాలుగు చక్రాలూ లాగే బండికి ఒక్క చక్రం సైజు వేరైతే ఫోర్ వీల్ వేసినప్పుడు ఇంజను శక్తిని చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, డిఫరెన్షియల్ నలిగిపోతాయి. ఐదో టైరు కూడా అదే సైజు ఉండాలి. అది వెనక తలుపు మీద వేలాడుతుంది కనుక బరువుకు బందులు తట్టుకుంటున్నాయో చూసుకోండి. కొనేటప్పుడు టైరు మీద బరువు సూచిక, వేగం అక్షరం పాత టైర్ల కంటే తక్కువ కాకుండా చూడండి. 111 అంటే ఒక్కో టైరు 1,090 కిలోలు మోస్తుంది, 121 అంటే 1,450. టీ అంటే గంటకు 190 కిలోమీటర్లు, ఎస్ అంటే 180, క్యూ అంటే 160. ఇప్పటి టైర్లతో మీ స్పీడోమీటరు 80 చూపిస్తే మీరు నిజానికి 84లో పోతున్నారు. మైలేజీ పడిపోయిందని బెంగపడే ముందు కూడా ఈ లెక్క వేసుకోండి. మీటరు 1,000 కిలోమీటర్లు చూపిస్తే బండి తిరిగింది 1,053. హెడ్‌లైట్ల కోణం దించారా? లిఫ్టు తరవాత దించకపోతే ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో పడుతుంది.

చట్టం మాట. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలతో సరిపడని మార్పు చేయకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షను అలాంటి ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అంటుంది. ఏ మార్పు ఏ కోవలోకి వస్తుందో మీ ఆర్టీవో కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి, బీమా కంపెనీకి కూడా తెలియజేయండి. టైర్లు మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకొచ్చిన బండిని ఆపడానికి ఎవరికీ పెద్ద కారణం అక్కర్లేదు. వెనక వచ్చే మోటారు సైకిలు వాడి ముఖాన ఆ టైరు చిమ్మే రాయి సంగతి ఎలాగూ ఉంది.

షాపతనితో పోట్లాడకండి. ఆఫ్‌సెట్ ఎంతో అడిగి రాసుకోండి. ఇంకా కొత్తగానే ఉన్న 285 టైర్లను వెనక్కి తీసుకుని 265 ఇస్తాడేమో బేరమాడండి. మరో లిఫ్టు కిట్టు అమ్మడం కంటే అతనికీ అందులో పెద్ద నష్టం ఉండదు. ఇవ్వనంటే, 285నే ఉంచుకోదలిస్తే, పైన చెప్పిన క్రమంలో సున్నం పరీక్ష నుంచి మొదలుపెట్టండి.

నాన్నగారి కోసం పక్కన ఫుట్‌బోర్డు బిగించండి, లోపలి స్తంభానికి పట్టుకునే పిడి కూడా. ఫుట్‌బోర్డు ముందు కొస మాత్రం చక్రానికి దగ్గరగా రాకుండా చూసుకోండి. స్టీరింగు పూర్తిగా తిప్పి, రివర్సులో కూడా చూశాకే బోల్టులు చివరిదాకా బిగించమనండి.